పెద్ద పనిని చిన్న పనులుగా కూర్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మదనపల్లె: ఏటా సెప్టెంబరు 15వ తేదీన మన ప్రాంతంలోని ఇంజనీరింగు కళాశాలల్లోను, నీటిపారుదల శాఖ కార్యాలయాల్లోను ఒక పెద్దాయన పటానికి పూలమాల వేస్తారు. నెత్తిన మైసూరు తలపాగా, ఒంటిమీద కోటు, మెడకు టై, ముఖాన గాంభీర్యం. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పుట్టినరోజును దేశమంతటా ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నారు. సభ ముగియగానే పటం మళ్లీ గోడకెక్కుతుంది. ఆయన చేసిన పనులేమిటో, వాటికీ మన పడమటి మండలాలకూ ఉన్న సంబంధమేమిటో తెలిసినవారు తక్కువ.

హంద్రీ-నీవా కాలువ కోసం మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతులు ఎన్నేళ్లు ఎదురుచూశారో అందరికీ తెలిసిందే. ఎక్కడో నంద్యాల జిల్లా మాల్యాల దగ్గర శ్రీశైలం జలాశయం వెనుక నీటిలో మొదలయ్యే ఆ పథకం ఒక్క కాలువ కాదు. ఎత్తిపోతలు, జలాశయాలు, సొరంగాలు, బ్రాంచి కాలువలు ఒకదానికొకటి ముడివేసిన పెద్ద గొలుసు అది. ఇంత పెద్ద పనిని ఎలా విడగొట్టాలి, విడగొట్టిన వాటిని ఎలా కలపాలి అన్నది ఈనాటి ప్రశ్న మాత్రమే కాదు. వందేళ్లకు ముందే దానికి చేతలతో జవాబు చెప్పినవాడు విశ్వేశ్వరయ్య.

తెలుగింటి బిడ్డ

విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు ముద్దేనహళ్లి. నంది కొండల సమీపంలో, చిక్కబళ్లాపురానికి దగ్గరలో ఉంది. మదనపల్లె నుంచి చింతామణి మీదుగా వెళితే సుమారు వంద కిలోమీటర్లు. ఇంటి భాష తెలుగు. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. అక్కడి నుంచి తరాల క్రితం మైసూరు సీమకు తరలివెళ్లారు. ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఆస్తిపాస్తులు లేవు. విశ్వేశ్వరయ్యకు మీసకట్టు రాకముందే తండ్రి కాలం చేశారు. చిక్కబళ్లాపురంలో చదువు మొదలుపెట్టి, బెంగుళూరులో మేనమామ అండతో పైచదువుకు వెళ్లారు. ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి చదువు ఖర్చులు గడుపుకొన్నారు. 1881లో సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తయింది. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా వెళ్లి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో మొదటి స్థానంలో నిలిచారు. మరుసటి ఏడు బొంబాయి రాష్ట్ర పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. నాసిక్, ఖాందేశ్, పూనా ప్రాంతాల్లో పనిచేశారు. సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీటి ఏర్పాటు కూడా ఆయన చేతుల మీదుగానే జరిగింది.

కాలువ చివరి రైతు గోడు

పూనా ప్రాంతంలో నీరా కాలువ కింద ఆ రోజుల్లో ఒక చిక్కు ఉండేది. అది మన చెరువుల కిందా ఉన్నదే. కాలువ మొదట్లో ఉన్నవారు చెరకు వేసి, అవసరానికి మించి నీరు పెట్టేవారు. వారి పొలాలు ఉప్పుతేలి చవిటినేలలయ్యేవి. చివరి ఊళ్లకు మాత్రం చుక్క నీరు చేరేది కాదు. ఒక్కొక్క రైతు ఎక్కడ కావాలంటే అక్కడ నీరు అడగటంతో, చెల్లాచెదురుగా ఉన్న మడులకు నీరు పారించడంలోనే సగం నీరు ఇంకిపోయేది.

విశ్వేశ్వరయ్య మొత్తం ఆయకట్టును ఒకే ముద్దగా చూడలేదు. ఊరూరికీ కొంత భూమిని ఒక దిమ్మెగా గుర్తించి, ఆ దిమ్మెలో మూడేళ్ల పంట వంతు పెట్టారు. ఒక భాగంలో చెరకు వంటి నీటి పంట, మిగతా భాగాల్లో ఆరుతడి, మెట్ట పంటలు. ఏడాది తిరిగేసరికి వంతు మారుతుంది. ఇలా ఒక్కొక్క దిమ్మెకు ఇంత నీరు అని లెక్క తేలింది. అన్ని దిమ్మెలకూ కలిపి కాలువ నీరు సరిపోయింది. మొదట్లో రైతులు ఒప్పుకోలేదు. పూనా పత్రికలు విమర్శించాయి. ఆయన ఊళ్లు తిరిగి రైతులతో మాట్లాడి, కొన్ని గ్రామాల్లో చేసి చూపించిన తరువాతనే ఈ పద్ధతి నిలదొక్కుకొంది.

పూనాకు నీరందించే ఖడక్‌వాస్లా జలాశయం దగ్గర ఆయన చేసిన పని కూడా ఇటువంటిదే. ఎక్కువ నీరు కావాలంటే ఆనకట్ట ఎత్తు పెంచాలన్నది అందరికీ తోచే మాట. పాత కట్టకు అది భారం. ఆయన కట్ట జోలికి పోకుండా, నీరు మిగిలిపోయే మొరవ మీద తమంత తామే తెరుచుకొని మూసుకొనే తలుపులు పెట్టారు. వరద వస్తే తలుపులు లేచి నీటిని వదులుతాయి. వరద తగ్గగానే దిగి నీటిని ఆపుతాయి. కట్ట పెంచకుండానే సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలిచింది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో జరిగిన ఈ పని దేశమంతటా ఇంజనీర్ల దృష్టికి వచ్చింది.

అంత పేరు వచ్చినా, ఆ శాఖలో చీఫ్ ఇంజనీరు పదవి భారతీయులకు దక్కే రోజులు కావవి. ఆయన ముందుగానే ఉద్యోగం వదిలి విదేశాల పర్యటనకు వెళ్లారు. ఆ పర్యటనలో ఉండగానే నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది.

మూసీ నేర్పిన పాఠం

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును మూసీ నది ముంచెత్తింది. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారని, 19 వేల ఇళ్లు కూలాయని లెక్క. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికిబయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ ఆనాటి సంగతిని గుర్తుచేస్తుంది.

1909లో విశ్వేశ్వరయ్య హైదరాబాదు చేరి, ఊరిలో కూర్చోకుండా నది ఎగువకు వెళ్లారు. అక్కడ తేలిన సంగతి మన ప్రాంతం వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. నగరానికి ఎగువన మూసీ పరివాహకంలో 788 చెరువులు ఉండేవి. మన పడమటి మండలాల్లో మాదిరిగానే గొలుసు చెరువులు. పై చెరువు మొరవ పోతే కింది చెరువుకు నీరు. మామూలు ఏడాదిలో ఈ గొలుసు అందరికీ మేలు చేసేది. ఆ కుంభవృష్టి రోజున మాత్రం పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది. అది తెగి మరో చెరువు మీద పడింది. అలా 221 చెరువులు గండ్లు పడ్డాయి. వాన నీటికి తెగిన చెరువుల నీరు తోడై నగరం మీద పడింది.

చిన్న పనులను ముడివేసేటప్పుడు మేలు ఒక్కటే కిందికి పారదు. ఒకదానిలో లోపం ఉంటే అదీ కిందికే పారుతుంది. విశ్వేశ్వరయ్య తరువాత చేసిన పనులన్నిటిలో ఈ సంగతి మరువలేదని చెప్పవచ్చు.

ఆయన ఇచ్చిన నివేదికలో పెద్ద పని నాలుగైదు పనులుగా విడిపోయింది. నగరానికి ఎగువన మూసీ మీద ఒక జలాశయం, దాని ఉపనది ఈసీ మీద మరో జలాశయం. ఇవి వరదను ఆపుతాయి, నగరానికి మంచినీరు ఇస్తాయి. నగరంలో నది గట్లు ఎత్తు చేసి, వాటి వెంట బాటలు, తోటలు వేయడం మూడో పని. మురుగు కాలువల ఏర్పాటు నాలుగో పని. ఏ పనికి ఆ పని విడిగా అంచనా, విడిగా ఖర్చు. ఒకటి పూర్తయినంత వరకే అయినా ఊరికి కొంత రక్షణ వస్తుంది. అన్నీ పూర్తయితే పూర్తి రక్షణ.

నివేదిక ఇచ్చి 1909 చివరలోనే ఆయన మైసూరుకు వెళ్లిపోయారు. అయినా పని ఆగలేదు. మూసీ మీది ఉస్మాన్ సాగర్, అదే మనవాళ్లు గండిపేట అనే చెరువు, 1920లో పూర్తయింది. ఈసీ మీది హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. కట్టించినది వేరే ఇంజనీర్లు. ముక్కలు స్పష్టంగా విడగొట్టి, ఏది దేనితో కలవాలో కాగితం మీద పెట్టినందువలన, మనిషి మారినా పని సాగింది. మురుగు కాలువల పనిలో సలహా కోసం నిజాం ప్రభుత్వం ఆయనను మళ్లీ పిలిపించుకొంది.

కన్నంబాడి కట్ట

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానం చీఫ్ ఇంజనీరు అయ్యారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా ఇంకా పుట్టలేదు. మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు జమీందారీ, కుప్పం ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది కావేరి నది మీద కన్నంబాడి దగ్గర కృష్ణరాజ సాగరం పని మొదలయింది.

ఈ ఆనకట్టతో మన కుప్పం వారికి ఏమి సంబంధం అనిపించవచ్చు. సంబంధం కోలారు బంగారు గనుల్లో ఉంది. కుప్పం నుంచి రైలెక్కితే బంగారుపేట, అక్కడి నుంచి గనులు. మన జిల్లా నుంచి, పక్కనున్న ఉత్తర ఆర్కాటు నుంచి వేలాది కుటుంబాలు ఆ గనుల్లో కూలికి వెళ్లి బతికాయి. 2001లో గనులు మూతపడేంత వరకు ఆ రాకపోకలు సాగాయి. ఆ గనుల్లో మనుషులను, మట్టిని పైకి తీసే యంత్రాలు, నీరు తోడే పంపులు, రాయి పొడిచేసే మిల్లులు కరెంటు మీద నడిచేవి. ఆ కరెంటు 1902 నుంచి కావేరి మీది శివసముద్రం జలపాతం దగ్గర తయారై, సుమారు 150 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి గనులకు చేరేది. మన దేశంలో అంత దూరం కరెంటు పంపడం అదే మొదలు.

అయితే ఎండాకాలం కావేరి సన్నగిల్లితే కరెంటు తగ్గేది. గనుల కంపెనీలు ఇంకా ఎక్కువ కరెంటు కావాలని అడుగుతున్నాయి. ఇంకోవైపు మండ్య ప్రాంతం మన సీమలాగే మెట్టభూమి, కరువుల నేల. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరెక్కదు.

విశ్వేశ్వరయ్య ఈ రెండు అవసరాలను ఒక గొలుసుగా కూర్చారు. కన్నంబాడి దగ్గర నీటిని నిల్వచేస్తే ఎండాకాలంలోనూ శివసముద్రానికి నీరు సమంగా దిగుతుంది. నీరు సమంగా దిగితే గనులకు కరెంటు తప్పక అందుతుంది. గనుల కంపెనీలు కరెంటుకు కట్టే డబ్బు ఆనకట్ట ఖర్చుకు ఆసరా అవుతుంది. ఆనకట్ట ఎత్తు పెరిగితే కాలువ తీయవచ్చు. కాలువ వస్తే చెరకు, చెరకు వస్తే చక్కెర ఫ్యాక్టరీ. ఒక్కొక్క పని తరువాతి పనికి దారి వేస్తుంది.

సంస్థానం ఆర్థిక అధికారులు మొదట ఒప్పుకోలేదు. అంత డబ్బు ఒక్క పనికి పెడితే ఖజానా ఏమవుతుందని వారి భయం. లెక్కలన్నీ చూసిన మీదట మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు 1911 అక్టోబరులో అనుమతి ఇచ్చారు. నవంబరులో పని మొదలయింది.

పునాదిలో దాచిన ముందుచూపు

అంతలో మరో అడ్డంకి వచ్చింది. కావేరి దిగువన తంజావూరు ఆయకట్టు మద్రాసు ప్రభుత్వానిది. ఎగువన పెద్ద ఆనకట్ట కడితే తమ రైతులకు నీరు తగ్గుతుందని మద్రాసు అభ్యంతరం చెప్పింది. భారత ప్రభుత్వం చిన్న ఆనకట్టకు మాత్రమే అప్పటికి అంగీకరించింది. అంటే మొదటి దశలో 80 అడుగుల మట్టం. విశ్వేశ్వరయ్య తలపెట్టినది 124 అడుగులు.

ఇక్కడే ఆయన పనితనం తెలుస్తుంది. 80 అడుగుల కట్టకు తగిన పునాది వేసి ఊరుకొంటే, రేపు ఎత్తు పెంచడానికి అనుమతి వచ్చినా పెంచడం వీలుకాదు. ఆయన పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు సరిపడే వెడల్పుతో వేయించారు. అనుమతి రాకపోతే ఆ ఖర్చు దండుగే. అందుకు విమర్శలూ వచ్చాయి. కానీ మొదటి ముక్కలోనే రెండో ముక్కకు చోటు ఉంచకపోతే రెండోది ఎన్నటికీ రాదన్నది ఆయన నమ్మకం.

కట్టడమంతా రాయితో, సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్ఖీ గచ్చుతో సాగింది. సుమారు పది వేల మంది కూలీలు పనిచేశారు. గనులకు అదనపు కరెంటు 1915 జూలై నాటికి అందించాలన్నది గడువు. వానలు, వరదలు, మలేరియా జ్వరాలు అడ్డుతగిలినా రాత్రింబవళ్లు దీపాల వెలుగులో పని నడిపి, గడువు నాటికి కావలసిన నీరు నిలబెట్టారు. మొదటి ముక్క ఫలం ఇచ్చింది.

మద్రాసు, మైసూరు తగాదా ఏళ్ల తరబడి నడిచింది. చివరకు 1924లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. అప్పుడు ఆనకట్ట పూర్తి ఎత్తు లేపడానికి వెడల్పాటి పునాది సిద్ధంగానే ఉంది. 1930 దశకం మొదట్లో పని పూర్తయింది. ఇర్విన్ కాలువ తీసి మండ్య నేలకు నీరిచ్చారు. తరువాత దానికే విశ్వేశ్వరయ్య కాలువ అని పేరుపెట్టారు. 1933లో మండ్యలో చక్కెర కంపెనీ ఏర్పడింది. ఆయన వేసిన గొలుసులో చివరి కొక్కెం పడేసరికి ఆయన మైసూరు కొలువు వదిలి చాలా ఏళ్లయింది. మన సినిమాల్లో పాటలకు చూపించే బృందావనం తోట ఆ ఆనకట్ట కిందిదే. అది దివాన్ మీర్జా ఇస్మాయిల్ కాలంలో వేయించినది.

ఈ కథలో ఏడుపూ ఉంది. కన్నంబాడి గ్రామంతో పాటు అనేక ఊళ్లు నీట మునిగాయి. అక్కడి వేణుగోపాలస్వామి గుడి కూడా మునిగింది. ఆ గుడి రాళ్లను విప్పి గట్టుమీద తిరిగి కట్టింది ఈ శతాబ్దిలోనే. పెద్ద పనుల్లో ఎవరి ఇల్లు పోతుందో, వారికి ఏమి దక్కుతుందో అన్నది కూడా పథకంలో ఒక ముక్కగా ఉండాలని ఇటువంటి ఊళ్లు గుర్తుచేస్తాయి.

దివాన్‌గా ఆరేళ్లు

1912లో మహారాజు ఆయనను దివాన్‌గా నియమించారు. ఆనకట్ట దగ్గర అనుసరించిన పద్ధతినే ఆయన రాజ్యం మొత్తానికి వర్తింపజేశారు. సంస్థానం అభివృద్ధి అనే పెద్ద మాటను వ్యవసాయం, విద్య, పరిశ్రమలు-వ్యాపారం అని మూడుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి ఒక సంఘం పెట్టారు. వాటి కింద జిల్లా, తాలూకా సంఘాలు. 1911లో ఆయన సూచన మీద ఏర్పడిన మైసూరు ఆర్థిక సమావేశం ఈ పనిని నడిపింది.

1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, గంధపు నూనె కర్మాగారం వచ్చాయి. సబ్బుల తయారీ మొదలయింది. ఆరేళ్లలో పాఠశాలలు సుమారు 4,500 నుంచి 10,500 వరకు పెరిగాయి. బ్యాంకు లేనిదే పరిశ్రమకు అప్పు పుట్టదు. చదువు లేనిదే పరిశ్రమకు మనిషి దొరకడు. ఇవి వేరువేరు పనులుగా కనిపించినా ఆయన దృష్టిలో ఒకే పనికి అంగాలు.

చన్నపట్నంలో పట్టు క్షేత్రం పెట్టి ఇటలీ నుంచి నిపుణుడిని రప్పించారు. గుడ్ల నాణ్యత పెరిగితేనే పురుగు బతుకుతుందని, పురుగు బతికితేనే రైతుకు గూళ్లు దక్కుతాయని అక్కడ పరిశోధన సాగింది. మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో మల్బరీ వేసి పట్టుగూళ్లు పెంచే రైతులకు ఆ వరుస క్రమం కొత్తది కాదు.

1918 చివరలో ఆయన దివాన్ పదవి వదులుకొన్నారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక అవకాశం ఇవ్వాలని మహారాజు తలపెట్టగా, యోగ్యతే కొలమానం కావాలని ఆయన అభిప్రాయపడ్డారు. మహారాజు నియమించిన మిల్లరు సంఘం వెనుకబడిన వర్గాల పక్షాన సిఫారసులు చేసింది. చదువు అందరికీ అందేలోగా యోగ్యత అందరికీ ఎక్కడిదన్న ప్రశ్న ఆనాడే వచ్చింది. కాలం ఈ విషయంలో ఆయన మాటను కాక, మహారాజు మాటను నిలబెట్టింది. నీటిని చివరి మడి దాకా పారించడానికి దారి కనుగొన్న మనిషికి ఇక్కడ చివరి వరుస కనబడలేదని విమర్శించేవారు ఉన్నారు.

భద్రావతి కష్టాలు

ఆయన తలపెట్టినవన్నీ వెంటనే ఫలించలేదు. భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో పని ప్రారంభించింది. కట్టె బొగ్గుతో ఇనుము కరిగించాలన్నది పథకం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఇనుము ధర పడిపోయింది. కర్మాగారం నష్టాల్లో కూరుకుంది. దాన్ని గట్టెక్కించే బాధ్యత మహారాజు ఆయనకే అప్పగించారు. ఆయన వచ్చి ఖర్చులు తగ్గించి, కట్టె కాల్చగా వచ్చే ఇతర సరుకులనూ అమ్మకానికి పెట్టి, 1929 వరకు దానిని నడిపి ఒక గాడిన పెట్టారు. ఆ పనికి తనకు రావలసిన జీతం సొమ్మును యువకులకు చేతివృత్తులు నేర్పే విద్యాసంస్థ స్థాపనకు ఇచ్చేశారు. బెంగుళూరులో శ్రీ జయచామరాజేంద్ర పేరున ఆ సంస్థ వెలసింది.

దేశానికంతటికీ పదేళ్ల ప్రణాళిక కావాలని 1934లోనే ఆయన పుస్తకం రాశారు. మన పంచవర్ష ప్రణాళికలు మొదలైనది 1951లో. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, తొంభై ఏళ్లకు చేరువైన వయసులో, పల్లెలను కొన్ని కొన్నిగా జట్లు కట్టి, ఒక్కొక్క జట్టులో చిన్న పరిశ్రమలు పెట్టే పథకాన్ని ప్రచారం చేశారు. తొంభై దాటాక బీహారులో గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే సంఘానికి పెద్దగా వ్యవహరించారు. మొకామా దగ్గర ఆ వంతెన 1959లో పూర్తయింది. 1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ఇచ్చింది. నూరేళ్ల పండుగ చూసి, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. పుట్టిన ఊరు ముద్దేనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగాయి. అక్కడ ఆయన సమాధి, ఇల్లు చూడటానికి నేటికీ జనం వెళుతుంటారు.

మన కాలువకు ఆయన పాఠం

హంద్రీ-నీవా పథకానికి 40 టి.ఎం.సి.ల నీరు, 6 లక్షల ఎకరాల ఆయకట్టు అని కాగితాల్లో రాసుకొన్నారు. దానిని రెండు దశలు చేశారు. మొదటి దశ అనంతపురం వైపు జీడిపల్లి జలాశయం దాకా. రెండో దశ అక్కడి నుంచి ఇటు. ప్రధాన కాలువ నుంచి చీలేది పుంగనూరు బ్రాంచి కాలువ. దాని కింది భాగం నుంచి మొదలయ్యేది కుప్పం బ్రాంచి కాలువ. పైనున్న ఒక్క ఎత్తిపోత ఆగితే కుప్పంలో కాలువ తవ్వి ఉన్నా లాభం లేదు. చాలా ఏళ్లు అదే జరిగింది. తవ్విన కాలువల్లో తుమ్మచెట్లు మొలిచాయి, నీరు రాలేదు. చివరకు 2025 ఆగస్టులో కృష్ణా నీరు కుప్పం దగ్గరి పరమసముద్రం చెరువుకు చేరింది. కాలువ పొడవునా ఉన్న ముక్కలన్నీ కలిసిన రోజు అది.

అయినా గొలుసు అక్కడితో పూర్తి కాదు. బ్రాంచి కాలువ నుంచి ఊరి చెరువుకు పిల్లకాలువ కావాలి. చెరువు కట్ట గట్టిగా ఉండాలి. తూము పనిచేయాలి. మొరవ కింద కింది చెరువుకు పోయే వంక ఆక్రమణలు లేకుండా ఉండాలి. ఇవి పెద్ద పథకం అంచనాల్లో ఎక్కడో చివరి పేజీలో ఉండే పనులు. రైతు మడికి నీరు చేరేది మాత్రం వీటి మీదుగానే. మూసీ పరివాహకంలో 221 చెరువులు తెగిన సంగతి చెప్పేదీ ఇదే. పైకట్ట బలహీనంగా ఉంటే, నిండిన నీరే కింది ఊరికి గండమవుతుంది.

వెనుకటి రోజుల్లో ప్రతి చెరువుకూ నీరుగంటి ఉండేవాడు. ఊరందరూ కలిసి వేసవిలో పూడిక తీసి, కంపచెట్లు కొట్టి, కట్టకు మట్టి వేసేవారు. ఇప్పుడు బోర్లు వచ్చాక ఆ కట్టుబాటు సడలింది. కాలువ నీరు వస్తున్న ఈ రోజుల్లో గ్రామస్థులు మూడు సంగతులు అడిగి తెలుసుకోవడం అవసరం. తమ ఊరి పని మొత్తం పథకంలో ఏ ముక్క? అది పైనున్న ఏ పని మీద ఆధారపడింది? తమ కింద ఏ ఊరు దాని మీద ఆధారపడింది? విశ్వేశ్వరయ్య నీరా కాలువ మీద ఊరూరా తిరిగి రైతులకు లెక్క చెప్పినది ఇందుకే. వచ్చే సెప్టెంబరు 15న ఆయన పటానికి దండ వేసేవారు, వానలు ముదిరేలోగా తమ చెరువు కట్టను కూడా ఒకసారి నడిచి చూస్తే ఆయన స్మృతికి తగిన పని చేసినవారవుతారు.